దంతం లేని ఏనుగు, ఏనుగు లేని దంతం

సాలార్‌జంగ్ మ్యూజియంలో మధ్యాహ్నం పన్నెండు కొట్టబోయే ముందు జనమంతా ఒకే దిక్కుకు పరుగెత్తుతారు. గడియారంలోంచి బుల్లి గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట మీద పన్నెండు దెబ్బలు వేసి లోపలికి పోతుంది. దాన్ని చూడ్డానికి బడిపిల్లలు, కొత్త దంపతులు, వాళ్ల వెనక అత్తగార్లు సర్దుకుని కూర్చుంటారు. ఆ కాసేపు మిగతా గదుల్లో కాపలావాళ్లు తప్ప పురుగు ఉండదు. దంతపు వస్తువుల గదిని తీరిగ్గా చూడాలనుకునేవాళ్లు ఆ సమయానికే వెళ్లాలి. గడియారం ఎక్కడికీ పోదు. ఒంటిగంటకు మళ్లీ కొడుతుంది, ఒక్క దెబ్బే అయినా.

నేను హైదరాబాద్ వచ్చిన పని వేరు. ఇంట్లో పెళ్లి. లాడ్‌బజార్‌లో లక్క గాజులు తెమ్మని వదిన పురమాయించింది. మాది పలమనేరు పక్క. మా వైపు ఏనుగంటే వినాయకుడి గుడిలో బొమ్మ కాదు, రాత్రిపూట చేనికి దిగేది. 1980లలో హోసూరు వైపు అడవుల్లోంచి గుంపులు మా కొండల్లోకి వచ్చాయి. అంతకుముందు ఏ రెండు వందల ఏళ్లుగానో ఇటు అడవి ఏనుగన్నదే లేదట. 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు. అప్పటినుంచి చెరకు వేసినవాడికి, రాగి వేసినవాడికి నిద్ర సగమే. పాత నగరానికి ఎప్పుడొచ్చినా నా కళ్లు ముందు ఏనుగునే వెతుకుతాయి. వెతికితే ఇక్కడ చాలానే దొరుకుతుంది, ప్రాణంతో తప్ప.

దంతపు గదిలో అందరూ ఆగేది కుర్చీల దగ్గర. ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ టిప్పు సుల్తాన్‌కు కానుకగా పంపినవని మ్యూజియం చెబుతుంది. పంపినవాడికీ, పుచ్చుకున్నవాడికీ మంచి చావు రాలేదు. లూయీ 1793లో గిలటిన్ కింద పోయాడు, టిప్పు 1799లో శ్రీరంగపట్నం కోటలో పోయాడు. కుర్చీలు మాత్రం ఎవరి కిందా విరగకుండా మూసీ ఒడ్డుకు చేరాయి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్లి చేసుకోలేదు, వస్తువులు చేసుకున్నాడు. 1949లో ఆయన పోయాక, 1951 డిసెంబరులో దివాన్ దేవిడీలో నెహ్రూ ఈ మ్యూజియాన్ని తెరిచారు. ఇప్పటి భవనంలోకి 1968లో వచ్చింది.

నా కళ్లు నగిషీ మీద నిలవలేదు. దంతపు పిడి ఒకటి, అడ్డంగా కోసిన వైపు అద్దానికి దగ్గరగా ఉంది. వంగి చూస్తే కోతముఖం మీద సన్నని గీతలు, రెండు వైపుల నుంచి వంపు తిరిగి వచ్చి ఒకదాన్నొకటి దాటుతూ, వలలాగా అల్లుకుని కనిపిస్తాయి. ప్లాస్టిక్‌లో ఆ గీతలు రావు, ఎముకలోనూ రావు. ఆ గీతలు కలిసే కోణాన్ని కొలిచి ఇది ఏనుగుదా, మంచుయుగంలో అంతరించిన మామత్‌దా అని చెప్పేస్తారు. వెడల్పు కోణమైతే ఏనుగు, ఇరుకైతే మామత్. ఏనుగు దంతమంటే కొమ్ము కాదు, పన్ను. పై దవడ ముందు పళ్లు రెండు ఆపకుండా పెరిగి బయటికొస్తాయి. బయటికి కనబడేది రెండు వంతులే. మూడో వంతు పుర్రెలో దిగబడి ఉంటుంది. బతికున్న ఏనుగు నుంచి దాన్ని మొదలంటా తీయడం కుదరదు. వేటగాడికి ఆ మూడో వంతు కూడా కావాలి. అందుకే వాడు వదిలిపోయిన కళేబరానికి ముఖం ఉండదు.

ఏ దేశపు మ్యూజియంలోనైనా దంతపు వస్తువు కింద పేరుపలక ఒకే తీరు. ఏ ఊరి పనితనం, ఎన్నో శతాబ్దం, ఎవరు ఇచ్చారు. ఆ దంతం ఏ అడవి ఏనుగుది అన్న వరస ఉండదు. రాసేవాళ్ల తప్పు కాదు, వాళ్లకూ తెలియదు. పందొమ్మిదో శతాబ్దానికి మన దేశంలో చెక్కిన దంతంలో ఎక్కువ భాగం ఆఫ్రికా తూర్పు తీరం నుంచి, జాంజిబార్, మొజాంబిక్ రేవుల నుంచి బొంబాయికి వచ్చిందే. అడవిలో ఏనుగులున్న దేశం సముద్రం దాటించి దంతం తెప్పించుకుందంటే ఆకలి ఎంతటిదో చూడండి.

మనకూ ఇందులో భాగం ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనం సంగతి చాలామందికి బడి పుస్తకాల్లో ఒక మార్కు ప్రశ్నగా గుర్తు. పూర్వపు రాజులు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను లాక్కునేవాళ్లు. తాను సుంకం తప్ప ఏమీ తీసుకోనని రాజు అభయమిచ్చాడు. ఆ సుంకాల పట్టీలో గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, పగడాల సరసన దంతం కూడా ఉంది. ఇక విశాఖపట్నం. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి కంసాలులు కుర్చీలకు, బీరువాలకు, పెట్టెలకు దంతపు రేకులు తాపడం చేసి, వాటి మీద సన్నగా గీసి, గీతల్లో నల్ల లక్క నింపేవాళ్లు. కంపెనీ దొరలు ఎగబడి కొన్నారు. మద్రాసు గవర్నరు ఒకాయన ఇంటికి తీసుకెళ్లిన అలాంటి సామాను ఆయన పోయాక వేలానికి వస్తే, 1781లో ఇంగ్లండు రాజు మూడో జార్జి రాణి షార్లెట్ కోసం కొన్నాడు. లండన్ రాజభవనంలో మన విశాఖ పనితనం ఉందని మురిసిపోయే వ్యాసాలు చదివాను. నేనూ మురిశాను. ఆ పని అద్భుతం. ఎన్ని ఏనుగులు పడితే ఒక బీరువా అయిందన్నది ఆ మురిపెంలో లెక్కకు రాదు.

బయటికొస్తే మూసీ, నయాపూల్, ఆ మలుపులో జనం. పత్తర్‌గట్టీ కమానుల కింద అత్తరు షాపులు, గడియారాల షాపులు, పెళ్లి శేర్వానీలు దాటి చార్‌కమాన్ చేరేసరికి చార్మినార్ ఎదురవుతుంది. 1591లో కట్టింది. ఈ దారి ఎంత వెడల్పుగా వేశారో చూస్తే తెలిసిపోతుంది, ఇది మనుషుల కోసమే వేసింది కాదు. కుతుబ్‌షాహీల నాడు అంబారీలు నడిచిన దారి. గోల్కొండ కోట తలుపులకు ఇనుప ముళ్లు కొట్టింది ఏనుగులు నుదుటితో గుద్దకుండా. ఒకే ఊళ్లో ఏనుగు నడిచేందుకు దారి, ఏనుగు చొరబడకుండా ముళ్లు.

ఇప్పటికీ ఈ దారిన ఏడాదికి రెండుసార్లు ఏనుగు నడుస్తుంది. మొహర్రం పదోనాడు డబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి అలం అనే ధ్వజాన్ని ఏనుగు మీద పెట్టి, మాతం చేస్తూ, చార్మినార్ మీదుగా చాదర్‌ఘాట్ దాకా తీసుకెళ్తారు. ఆషాఢ బోనాలకు హరిబౌలి అక్కన్న మాదన్న మహంకాళి గుడి ఘటం కూడా ఏనుగు మీదే ఊరేగుతూ నయాపూల్ వైపు వస్తుంది. రెండు మతాల ఊరేగింపులకూ ఏళ్ల తరబడి ఒకే జూ నుంచి ఏనుగు వచ్చింది. మీర్ ఆలం చెరువు దగ్గరి నెహ్రూ జూలో ఉన్న రాణి ఆ సేవ చేసిన ముసలిది. 1938లో పుట్టి, 2021లో 83 ఏళ్లకు పోయింది. ఆ తర్వాతి పేరు రజని. జంతు హక్కులవాళ్ల అభ్యంతరాలు, కోర్టు గొడవల తర్వాత ఇటీవల పొరుగు రాష్ట్రాల నుంచి ఏనుగును తెప్పిస్తున్నారు. జనం అడ్డం తోసుకుంటూ, డప్పులు, అరుపుల మధ్య నడిచే ఏనుగును చూస్తే నాకు దండం పెట్టబుద్ధి కాదు, జాలేస్తుంది. ఏనుగు బెదిరితే ఏమవుతుందో మా ఊళ్లో చూసినవాళ్లం. అయినా ఆ రోజు ఈ వీధుల్లో ముసలివాళ్ల కళ్లు చూస్తే ఏనుగొద్దు, ట్రాక్టరు పెట్టండి అని చెప్పే ధైర్యం నాకు లేదు.

అసలు విషయం ఇంకోటి. రాణి, రజని, ఊరేగింపులకు వచ్చేవన్నీ ఆడ ఏనుగులు. మన ఆసియా జాతిలో ఆడదానికి దంతాలు ఉండవు. ఉన్నా పెదవి దాటి పెద్దగా రావు. ఆఫ్రికాలో ఆడా మగా ఇద్దరికీ ఉంటాయి. అంటే చార్మినార్ వాడు కళ్లారా చూసే ఏనుగుకు దంతం లేదు. నయాపూల్ పక్కన అద్దాల వెనక చూసే దంతానికి ఏనుగు లేదు. రెండింటి మధ్య కిలోమీటరున్నర దూరం. ఆ రెండూ ఒకే ప్రాణివని ఒంటికి తగిలేలా తెలియాలంటే మా వైపు రావాలి.

మగవాటికే దంతం ఉండడం వల్ల మన దేశంలో వేట దెబ్బ వింతగా తగిలింది. వేటగాడు గుంపును వదిలి మగవాటినే ఏరాడు. కేరళ పెరియార్‌లో 1980ల చివర లెక్కిస్తే పెద్ద మగ ఏనుగు ఒక్కదానికి 122 ఆడ ఏనుగులు తేలాయి. పైకి చూస్తే అడవి నిండా ఏనుగులే, దూడలు మాత్రం తగ్గిపోయాయి. దంతాలు రాని మగవాటిని మఖ్నా అంటారు. కాల్చినా లాభం లేదు గనక అవి బతికిపోయాయి. శ్రీలంకలో ఇప్పుడు దంతాలున్న మగ ఏనుగు అరుదు. వీరప్పన్ పేరు చెబితే మనకు చందనం గుర్తొస్తుంది గానీ, చందనం కంటే ముందు వాడు చేసింది దంతం వేటే. 2004 అక్టోబరులో వాణ్ని చంపేనాటికి వాడు తిరిగిన మూడు రాష్ట్రాల అడవుల్లో పెద్ద దంతాల మగ ఏనుగు కనబడితే అటవీ సిబ్బంది ఒకరికొకరు చెప్పుకునే రోజులు.

మా కౌండిన్యలో ఏనుగును ఎక్కువగా చంపేది తుపాకీ కాదు, కరెంటు తీగ. అడవి పందుల కోసమో, చేను కాపాడుకోడానికో దొంగగా లాగిన తీగ. దాని మీద పడ్డ ఏనుగు మగదైతే ఊళ్లో ముందు లేచే ప్రశ్న, దంతాలున్నాయా? అటవీశాఖవాళ్లు పోస్టుమార్టంతో పాటే దంతాలు తీసి, కొలిచి, లెక్క రాసి భద్రపరుస్తారు. పంట పోయినవాడికి పరిహారం ఎప్పుడొస్తుందో తెలియదు, దంతం మాత్రం ఆ రోజే లెక్కలోకి ఎక్కుతుంది. మావాళ్ల కడుపుమంట అబద్ధం కాదు. 2025 మేలో కర్ణాటక నాలుగు కుంకీలను ఇచ్చింది. పలమనేరు దగ్గర ముసలిమడుగు శిబిరంలో వాటిని పెట్టారు. కుంకీ అంటే అడవి ఏనుగును మళ్లీ అడవిలోకి తోలడానికి పెంచిన ఏనుగు. తెలంగాణవాళ్లు ఈ బాధ తమది కాదనుకుంటుండగా 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర వైపు నుంచి ఒక ఏనుగు కొమురం భీం జిల్లాలోకి వచ్చి రెండు రోజుల్లో ఇద్దరు రైతులను చంపింది. ఏనుగును కాపాడాలనేవాళ్లు ఈ ఇద్దరి పేరెత్తకుండా మాట్లాడితే ఊళ్లలో ఎవరూ వినరు, వినకూడదు కూడా.

చార్మినార్ నుంచి లాడ్‌బజార్‌లో ఆగకుండా నేరుగా మహబూబ్ చౌక్ వైపు వెళ్లాను. గడియారం స్తంభం, మసీదు, కోళ్లు, పావురాలు అమ్మే బోనులు. ఆ చుట్టుపక్కల పాత సామాను షాపులు. గ్రామఫోను బాకాలు, పాన్‌దాన్‌లు, తుప్పు పట్టిన తాళాలు, ఎవరో నవాబు ఇంట్లో పగిలిన షాండ్లియర్ ముక్కలు. ఒక గాజు డబ్బాలో తెల్లని పిడితో కత్తి కనబడింది. బోర్డు మీద వెలిసిన ఉర్దూ కింద కుర్చీలో కూర్చున్న పెద్దాయనను అడిగాను, చాచా, ఇది దంతమేనా అని.

"తౌబా తౌబా," అన్నాడు. "ఒంటె ఎముక సాబ్. గిది సూడున్రి."

కత్తి తీసి కిటికీ వెలుగుకు పెట్టాడు. పిడి మీద సన్నని నల్ల చుక్కలు, సూదితో పొడిచినట్టు. ఎముకలో నెత్తురు తిరిగిన దారులు అవి. దంతంలో ఉండవు. పళ్లకొట్టువాడు మామిడిపండు చూసినట్టు ఆయన దాన్ని చూశాడు, ముట్టుకోకముందే తెలిసిపోయినట్టు.

"అసలు సరుకు అడిగేటోళ్లు ఉన్నారా?"

"అడుగుతరు. తాతల నాటి చేతికర్ర ఉన్నది, కొంటవా అని తెచ్చేటోళ్లూ ఉన్నరు. నాకొద్దు నాయనా. జైలు కూడు తినే వయసా నాది? మా అబ్బాజాన్ దినాలల్ల గల్లీల పెట్టుకొని అమ్మేటోళ్లు. గిప్పుడు ఇంట్ల ఉన్నదని చెప్పాలన్నా బుగులే."

బుగులు ఊరికే రాలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1977లో ఏనుగును మొదటి షెడ్యూలులోకి ఎక్కించారు. 1986లో సవరించి మన ఏనుగు దంతం వ్యాపారం ఆపారు. వ్యాపారులు ఇది ఆఫ్రికాది అని చెప్పుకుని అమ్మసాగారు, దంతం మీద ఊరి పేరు రాసి ఉండదు కదా. 1991లో ఆ కిటికీ కూడా మూశారు. వాళ్లు కోర్టుకెక్కారు, 1997లో ఢిల్లీ హైకోర్టు, 2003లో సుప్రీంకోర్టు వాళ్లకు అడ్డం తిరిగాయి. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వాదన వింటే నవ్వొస్తుంది. మాది ఏనుగు దంతం కాదు, వేల ఏళ్ల కిందట చచ్చిపోయిన మామత్‌ది, చట్టానికి సంబంధం లేదు అన్నారు. దంతమంటే దంతమే అంది కోర్టు. ఎందుకంటే మామత్ పేరుతో తెరిచిన తలుపులోంచి రేపు ఏనుగు దంతం కూడా నడిచొస్తుంది. ఇప్పుడు ఇంట్లో వారసత్వంగా వచ్చిన దంతం ఉంటే ధ్రువపత్రం ఉండాలి. ఉంచుకోవచ్చు, పిల్లలకు దక్కుతుంది, అమ్మకూడదు. మొదటి షెడ్యూలు నేరానికి మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని సామెత. గొప్పవాడికి ఏ స్థితిలోనైనా విలువ తగ్గదని చెప్పడానికి వాడతాం. వేటగాడు మాత్రం అందులో రెండో సగమే విన్నాడు. బతికిన ఏనుగు వెయ్యి వరహాలు రాజుకు, గుడికి, సర్కస్‌కు. చచ్చిన ఏనుగు వెయ్యి వరహాలు ఎవడికైనా. 1986 నుంచి 2003 దాకా చట్టమూ కోర్టులూ పడ్డ పాట్లన్నీ ఆ రెండో సగాన్ని చెరపడానికే. చచ్చిన ఏనుగు సున్నా అయితే తప్ప బతికిన ఏనుగు మిగలదు. అడవిలో ఎంతమంది గార్డులను పెట్టినా, మహబూబ్ చౌక్ లాంటి చోట చాచా లాంటివాడు నాకొద్దు అనకపోతే వాళ్ల కష్టం మూసీలో పోసినట్టే. ఆయన మంచితనంతోనే అన్నాడని నేను అనుకోవడం లేదు, భయంతో అన్నాడు. ఏనుగుకు ఆ తేడా అక్కర్లేదు.

ప్రపంచంలోనూ జరిగింది ఇదే, ఇంకా పెద్ద ఎత్తున. ఆఫ్రికాలో 1979లో 13 లక్షల దాకా ఉన్న ఏనుగులు పదేళ్లలో 6 లక్షలకు దిగాయి. 1989 జులైలో కెన్యా అధ్యక్షుడు మోయ్ 12 టన్నుల దంతానికి నిప్పు పెట్టాడు. ఆ ఏడాదే అంతర్జాతీయ వ్యాపారం నిషేధించారు. పేద దేశం అంత సొమ్ము తగలబెట్టడమేమిటని అప్పట్లో ముక్కున వేలేసుకున్నారు. తగలబడింది సామెతలో రెండో సగం. 2008లో దక్షిణాఫ్రికా వైపు నాలుగు దేశాల నిల్వలు వంద టన్నులకు పైగా చైనా, జపాన్‌లకు ఒక్కసారికని అమ్మనిచ్చారు. ఆ తర్వాత వేట మళ్లీ పెరిగింది. ఆ అమ్మకమే కారణమా కాదా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. నాకు అనుమానం లేదు. కొనచ్చు అని ఒక్కసారి తలుపు తీస్తే, ఎంతవరకు తీశారో వెనక నిలబడ్డవాడికి కనబడదు. 2007 నుంచి 2014 మధ్య ఆఫ్రికా పచ్చికబయళ్ల ఏనుగులు దాదాపు మూడో వంతు తగ్గాయని విమానాల్లో తిరిగి లెక్కించారు. కెన్యా 2016లో మళ్లీ 105 టన్నులు కాల్చింది. చైనా తన మార్కెట్‌ను 2017 చివరకు మూసింది.

చాచా కంటితో పట్టేదాన్ని, కోర్టులో నిలబడేలా పట్టే చోటు ఇక్కడికి ఎంతో దూరంలో లేదు. అత్తాపూర్‌లో, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల నంబర్లతో అడ్రసులు చెప్పుకునే దారిలో, జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ప్రయోగశాల ఉంది. 2007 నుంచి పనిచేస్తోంది. రాష్ట్రాల అటవీశాఖలు పట్టుకున్న మాంసం ముక్క, తోలు, వెంట్రుక, ఎముక అక్కడికి వస్తాయి. వేటగాడు ఇది మేకమాంసం అంటాడు, ఇది గేదె కొమ్ము అంటాడు. ముక్కలోంచి డీఎన్ఏ తీసి, దాదాపు ఏ జంతువుకైనా పనికొచ్చే ఒకే జత ప్రైమర్లతో చదివి ఇది ఫలానా జాతి అని రాసిస్తారు. ఆ పద్ధతిని సీసీఎంబీ శాస్త్రవేత్తలే కనిపెట్టి 2003లో ప్రచురించారు. దంతమూ పన్నే గనక పొడి చేస్తే అందులోనూ డీఎన్ఏ దొరుకుతుంది. అమెరికాలో శామ్యూల్ వాసర్ అనే ఆయన ఆఫ్రికా అడవులన్నిటి నుంచి ఏనుగు పేడ తెప్పించి డీఎన్ఏ పటం గీశాడు. ఓడరేవులో పట్టుబడ్డ దంతాన్ని ఆ పటంతో పోల్చి ఏ అడవిలో పడ్డ ఏనుగుదో చెబుతాడు. మ్యూజియం పలక మీద లేని ఆ వరస పేడలో దొరికింది. మన దేశంలో 2025లో విడుదల చేసిన ఏనుగుల అంచనా 22,446 కూడా పేడలోని డీఎన్ఏ చదివి కట్టిందే. తుపాకీ పట్టిన గార్డు ఫొటో పేపర్లో పడుతుంది, పేడ ఏరిన గార్డు ఫొటో పడదు. కేసు నిలబెట్టేది రెండోవాడు.

లాడ్‌బజార్‌కు తిరిగొచ్చేసరికి సాయంత్రం దీపాలు వెలిగాయి. ఒక షాపు వెనక సందులో కుర్రాడు బొగ్గుల కుంపటి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. వేడి లక్కను కడ్డీకి అంటించి, చెక్కతో రుద్ది సన్నగా సాగదీసి, కొలతకు కోసి గుండ్రంగా చుట్టి అంచులు అతికించాడు. అది చల్లారకముందే రాళ్లు ఒక్కొక్కటీ సూదిమొనతో ఎత్తి పొదగాలి. ఒక్క రాయి వంకర పోయిందని మళ్లీ కుంపటి మీద పట్టాడు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కుంపటి ముందు కూర్చున్నవాడి కూలి పెరిగిందా అని అడిగితే నవ్వి తల దించుకున్నాడు. విశాఖ కంసాలులు దంతపు గీతల్లో నింపింది ఈ లక్కే. చెట్ల కొమ్మల మీద పురుగు పెట్టే బంక. ఒక గాజుకు ఎవరి ముఖమూ కోయక్కర్లేదు.

వదిన గాజులు బేరమాడి, ఓడి, కొని బయటపడుతుంటే పక్క బండి దగ్గర ఒక లంబాడి పెద్దమ్మ నిలబడి ఉంది. అద్దాల రవిక, మోచేతి పైన భుజం దాకా తెల్లని గాజులు. ఒకప్పుడు తండాల్లో పెళ్లయిన ఆడవాళ్లు అలా వేసుకునేవి ఏనుగు దంతపువి. తర్వాత కొమ్ము, ఎముక అయ్యాయి, ఇప్పుడు ప్లాస్టిక్. అలంకారం కాదది, పుస్తె లాంటిది. ఆ మార్పు కోసం ఎవరూ ఉద్యమం చేయలేదు, ధర్నా చేయలేదు. దంతం దొరకడం మానేసింది, వీళ్లు అడగడం మానేశారు. గాజు మిగిలింది, మర్యాద మిగిలింది.

"అవ్వా, ఇవి ఎక్కడ కొన్నరు?" అన్నాను.

"గియ్యా? దేవరకొండల. ప్లాస్టిక్ బిడ్డా." నా మొహం చూసి నవ్వింది. "మా అత్తయి ఏన్గు దంతపువి ఉండె. బరువు. ఎండకాలం సల్లగుంటుండె అని చెప్తుండె. నేను తొడగలె. నా మనవరాలు గివ్వి కూడ తొడగది, వాచీ ఒక్కటే."

ఆమె మనవరాలు పక్కనే ఉంది, చుడీదార్‌లో, ఫోన్ చూసుకుంటూ. కొత్త జత కొనడానికి వచ్చినట్టున్నారు. అవ్వ బండివాడి చేతిలోంచి ప్లాస్టిక్ గాజుల కట్ట లాక్కుని, తిప్పి చూసి, రేటు అడిగింది. వాడు చెప్పాడు. అవ్వ కట్టను బండి మీద విసిరికొట్టింది.

"గింత రేటా! ఏన్గునేమన్న కొంటున్ననా?"

వాడు ఇరవై రూపాయలు తగ్గించాడు.